తీర్పును చదివి మాట్లాడండి: తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ (2025 సెప్టెంబరు ఉపరాష్ట్రపతి ఎన్నికకు ముందు రాసినది)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభకు, రాజ్యసభకు ఎన్నికైన గౌరవనీయ సభ్యులకు నమస్కారం.

2025 సెప్టెంబరు 9న మీరు ఉపరాష్ట్రపతిని ఎన్నుకోబోతున్నారు. రెండు రాష్ట్రాలకు లోక్‌సభలో 42, రాజ్యసభలో 18 స్థానాలు ఉన్నాయి. పోటీలో ఉన్నది మహారాష్ట్ర గవర్నర్ సి.పి. రాధాకృష్ణన్ గారు, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు. నాకే ఓటు ఉంటే సుదర్శన్ రెడ్డి గారికి వేసేవాణ్ణి. ఆ మాట దాచుకోవలసిన అవసరం నాకు లేదు. అయితే మీ ఓటు కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆయన మీద పడిన ఒక నింద గురించి, ఆ నింద విన్న తర్వాత కూడా మీలో చాలామంది పాటిస్తున్న మౌనం గురించి రాస్తున్నాను.

2025 ఆగస్టు 22న కొచ్చిలో జరిగిన ఒక సదస్సులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా గారు మాట్లాడుతూ, సుదర్శన్ రెడ్డి నక్సలిజానికి సాయపడిన వ్యక్తి అని, ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వా జుడుం అనే సాయుధ ఉద్యమంపై ఆయన తీర్పు ఇవ్వకపోయి ఉంటే 2020 నాటికే నక్సల్ ఉగ్రవాదం అంతమైపోయేదని, ఆ భావజాలమే ఆయన చేత ఆ తీర్పు ఇప్పించిందని అన్నారు. ప్రతిపక్ష అభ్యర్థిని అధికార పక్షం విమర్శించడంలో తప్పు లేదు. కానీ ఇక్కడ దేశ అంతర్గత భద్రతకు బాధ్యుడైన మంత్రి, దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పును పట్టుకుని, దాన్ని రాసిన న్యాయమూర్తికి సాయుధ తిరుగుబాటుదారుల సానుభూతిపరుడనే ముద్ర వేశారు. ఇంత బరువైన ఆరోపణ చేసేవారు తీర్పులోని ఏ వాక్యం నక్సలైట్లను సమర్థించిందో చూపించాలి. ఇంతవరకు ఎవరూ చూపించలేదు. అలాంటి వాక్యం అందులో లేదు కాబట్టి చూపించలేరు కూడా.

నేను భద్రాచలం ప్రాంతంలో న్యాయవాదిగా పనిచేస్తున్నాను. నందినీ సుందర్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అనే ఆ వ్యాజ్యంలో తీర్పును చాలాసార్లు చదివాను. 2011 జూలై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్‌ల ధర్మాసనం దాన్ని వెలువరించింది. పిటిషనర్లలో ఒకరు మన విశాఖపట్నానికి చెందిన కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ గారు. మీలో ఈ తీర్పును పూర్తిగా చదివినవారు ఎందరో నాకు తెలియదు. చదవని వారి కోసం అందులో ఏముందో, తేల్చిచెప్పింది ఏమిటో రాస్తాను.

మావోయిస్టులకు వ్యతిరేకంగా 2005లో బస్తర్‌లో సల్వా జుడుం మొదలైంది. దానికి ముందు నిలిచిన నాయకుడు కాంగ్రెస్‌కు చెందిన మహేంద్ర కర్మ. వెనక నిలిచింది రమణ్ సింగ్ నేతృత్వంలోని బీజేపీ రాష్ట్ర ప్రభుత్వం. గ్రామాలకు గ్రామాలు ఖాళీ అయ్యాయి, జనాన్ని రోడ్ల పక్కన శిబిరాలకు తరలించారు, ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీవోలుగా నియమించారు. వారినే కోయ కమాండోలు అని కూడా పిలిచారు. తీర్పు నాటికి వారి సంఖ్య 6,500 దాకా చేరింది. నెలకు రూ. 3,000 గౌరవ వేతనం, తాత్కాలిక నియామకం, రెండు నెలల శిక్షణ, చేతికి తుపాకీ. ఐదో తరగతి చదివినవారికి నియామకంలో ప్రాధాన్యం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వమే కోర్టుకు చెప్పుకుంది. ఆ కుర్రాళ్లకు రెండు నెలల్లోనే శిక్షా స్మృతి, సాక్ష్య చట్టం, రాజ్యాంగం, మానవ హక్కులు నేర్పామని కూడా అఫిడవిట్‌లో రాసింది. ఐదో తరగతి చదువుతో అవన్నీ అర్థం చేసుకుని, ఎప్పుడు కాల్చాలో ఎప్పుడు కాల్చకూడదో నిర్ణయించుకోగల పోలీసు తయారవుతాడా అని ధర్మాసనం అడిగింది. ఆ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర నమ్మదగిన జవాబు లేదు. రేపు వీళ్లను ఉద్యోగంలోంచి తీసేస్తే ఆ తుపాకులు ఎలా తిరిగి వస్తాయని అడిగితే, దానికీ లేదు.

హోంమంత్రి మాటల్లో ఎక్కడా వినపడని కోణం మరొకటి ఆ తీర్పులో ఉంది. ఆ తీర్పు రక్షించాలనుకున్న వారిలో మొదటివారు ఎస్పీవోలుగా చేరిన ఆ కుర్రాళ్లే. 173 మంది ఎస్పీవోలు చనిపోయారని ప్రభుత్వమే కోర్టుకు లెక్క ఇచ్చింది. 2007 మార్చిలో రాణిబోద్లి పోలీసు క్యాంపుపై మావోయిస్టులు రాత్రివేళ దాడి చేసి 55 మందిని చంపారు. వారిలో ఎక్కువమంది ఎస్పీవోలే. సుశిక్షితులైన జవాన్లకే కష్టమైన అడవి యుద్ధంలోకి, అరకొర చదువు, అరకొర శిక్షణ ఉన్న పేద ఆదివాసీ పిల్లలను ముందువరసలో నిలబెట్టడం వారి ప్రాణాలకు విలువ లేదనడంతో సమానమని ధర్మాసనం అభిప్రాయపడింది. రెగ్యులర్ పోలీసులు చేసే పనినే, అంతకంటే ప్రమాదకరంగా, వారికున్న అర్హత గానీ రక్షణ గానీ లేకుండా చేయించడం రాజ్యాంగం 14వ అధికరణ ఇచ్చే సమానత్వానికి విరుద్ధమని, వారి ప్రాణాలనూ ఇతరుల ప్రాణాలనూ పణంగా పెట్టడం జీవించే హక్కునిచ్చే 21వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. ఎస్పీవోలను నక్సల్ వ్యతిరేక చర్యల్లో వాడవద్దని, తుపాకులు వెనక్కి తీసుకోవాలని, కేంద్రం ఇందుకోసం నిధులు ఇవ్వకూడదని ఆదేశించింది. ఇంతవరకే చదివి ఆపేస్తే హోంమంత్రి విమర్శకు ఏదో ఆధారం ఉన్నట్టు కనిపించవచ్చు. అయితే అదే ఆదేశంలో, అప్పటివరకు ఎస్పీవోలుగా పనిచేసినవారికి మావోయిస్టుల నుంచి ప్రాణహాని ఉంటుంది కనుక ప్రభుత్వం వారికి తగిన భద్రత కల్పించాలని కూడా ఉంది. నక్సల్స్‌కు మేలు చేయాలనుకున్న న్యాయమూర్తి ఈ వాక్యం ఎందుకు రాస్తారు?

నక్సలైట్లతో పోరాడవద్దని ఆ తీర్పు ఎక్కడా అనలేదు. ప్రజలను హింస నుంచి కాపాడటం ప్రభుత్వ విధి అని, ఆ విధిని రాజ్యాంగం గీసిన హద్దుల్లో ఉండి నెరవేర్చాలని అంది. చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకునే ఏ పౌరుల గుంపునైనా, దాని పేరు సల్వా జుడుం అయినా మరొకటి అయినా, అడ్డుకోవాలని అంది.

ఇక 2020 నాటికే సమస్య తీరిపోయేదనే మాట. తీర్పు వచ్చిన కొద్ది నెలల్లోనే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళానికి ఒక చట్టం చేసి, ఎస్పీవోలను అందులోకి తీసుకుంది. తర్వాతి కాలంలో స్థానిక యువకులతో, లొంగిపోయిన మావోయిస్టులతో జిల్లా రిజర్వ్ గార్డ్ అనే పోలీసు దళాన్ని విస్తరించింది. ఆ 2011 చట్టం కోర్టు ధిక్కారం కాదని 2025 మే నెలలో సుప్రీంకోర్టే తేల్చింది. అంటే ఆ తీర్పు స్థానికులను పోలీసులుగా తీసుకోవడాన్ని ఆపలేదు. చట్టబద్ధంగా తీసుకోమని ప్రభుత్వాన్ని దారిలో పెట్టింది. 2011 నుంచి 2018 చివరి వరకు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది బీజేపీ ప్రభుత్వమే. 2014 నుంచి కేంద్రంలోనూ అదే పార్టీ. 2026 మార్చి 31 నాటికి నక్సలిజాన్ని తుడిచిపెడతామని ఇదే హోంమంత్రి గారు చెబుతున్నారు, 2025 మే నెలలో ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మాడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయిన ఎదురుకాల్పులను పెద్ద విజయంగా ప్రకటించారు. ఇదంతా ఆ తీర్పు అమల్లో ఉండగానే జరుగుతోంది. అమల్లో ఉండగా ఇప్పుడు అడ్డుకాని తీర్పు, ఇన్నాళ్లూ అడ్డు నిలిచిందని ఎలా అనగలరు?

ఈ విషయంలో తెలుగువారికి ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. నక్సల్ హింస ఎలా ఉంటుందో మనకు తెలుసు. 2000 మార్చిలో మంత్రి మాధవరెడ్డి గారిని మందుపాతరతో చంపారు. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద చంద్రబాబు నాయుడు గారు ప్రాణాలతో బయటపడ్డారు. 2005 ఆగస్టు 15న ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి గారిని, 2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ గారిని కాల్చిచంపారు. తెలుగుదేశం సభ్యులకు గానీ, మరో పార్టీ సభ్యులకు గానీ ఈ జ్ఞాపకాలు తేలికైనవి కావు. ఈ హత్యలను సమర్థించే వ్యక్తి అయితే సుదర్శన్ రెడ్డి గారి కోసం నేను ఒక్క అక్షరం రాసేవాణ్ణి కాను.

అదే సమయంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నక్సలైట్లను ఎలా ఎదుర్కొందో కూడా మీకు తెలుసు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ పూర్తిస్థాయి పోలీసు దళం. సుదీర్ఘ శిక్షణ, జీతం, పెన్షన్, చనిపోతే కుటుంబానికి పరిహారం ఉన్న ఉద్యోగులు వారు. ఆ దళం చేసిన ఎన్‌కౌంటర్ల మీద న్యాయమైన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి, వాటిని నేను పక్కన పెట్టడం లేదు. కానీ జవాబు చెప్పవలసిన ప్రభుత్వం ఒకటి వెనక ఉంది కాబట్టే ఆ ప్రశ్నలు వేయగలిగాం. అదే కాలంలో గ్రీన్ టైగర్స్, నల్లమల కోబ్రాలు అనే పేర్లతో గుర్తు తెలియని గుంపులు పౌరహక్కుల కార్యకర్తలను చంపినప్పుడు ఎవరిని అడగాలో తెలియక రాష్ట్రం అల్లాడింది. యూనిఫాం లేని తుపాకీకి జవాబుదారీ ఎవరూ ఉండరని మన అనుభవమే చెబుతోంది. సుదర్శన్ రెడ్డి గారి తీర్పు చెప్పింది ఆ సంగతే.

సల్వా జుడుం ఫలితం మా ప్రాంతంలో ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. దంతెవాడ, సుక్మా, బీజాపూర్‌ల నుంచి రెండు వైపుల తుపాకులకూ భయపడి వేల కుటుంబాలు సరిహద్దు దాటి ఉమ్మడి ఖమ్మం, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చాయి. వారిని ఇక్కడ గుత్తి కోయలు అంటారు. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు వెళితే రోడ్డుకు కొన్ని కిలోమీటర్ల లోపల వారి గుంపులు కనిపిస్తాయి. మట్టి పూసిన తడికల గోడలు, పైన తాటాకు లేదా టార్పాలిన్ పట్టా, తాగడానికి వాగులో తవ్విన చెలమ. మిర్చి కోతల కాలంలో ఆడవాళ్లు, బడికి వెళ్లవలసిన పిల్లలు ఆటోల్లో కిక్కిరిసి కూలికి వస్తారు. పోడు కొట్టారని అటవీ శాఖ వారి గుడిసెలు పీకేయడం, వాళ్లు మళ్లీ వేసుకోవడం ఏళ్ల తరబడి సాగుతోంది. ఎస్టీ ధ్రువపత్రం కావాలంటే మీది ఈ రాష్ట్రం కాదు అంటారు. వారిలో పెద్దవాళ్లను ఎందుకు వచ్చారని అడిగితే, రాత్రి అన్నలు వచ్చేవాళ్లు, పగలు జుడుం వాళ్లు వచ్చేవాళ్లు, ఇద్దరిలో ఎవరికి అన్నం పెట్టినా రెండోవాళ్లు చంపేవాళ్లు అనే చెబుతారు. ఏ పార్టీ వాళ్లయినా ఒకసారి వచ్చి వినండి. నక్సలైట్లకు ఎదురు నిలిచే ప్రజా ఉద్యమం అని ఢిల్లీలో చెప్పుకున్నది క్షేత్రంలో ఎలా పనిచేసిందో ఆ ముసలివాళ్లు చెబుతారు.

ఆయన భావజాలం గురించి కూడా అన్నారు కాబట్టి ఒక తారీఖు గుర్తుచేస్తాను. సల్వా జుడుం తీర్పుకు సరిగ్గా ఒక రోజు ముందు, 2011 జూలై 4న, ఇదే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విదేశాల్లో దాచిన నల్లధనంపై రామ్ జెఠ్మలానీ వేసిన వ్యాజ్యంలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించమని ఆదేశించింది. దర్యాప్తులో ప్రభుత్వం చూపిన అలసత్వాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. అప్పుడు కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్ నేతృత్వంలోని యూపీఏ. ఆ ఆదేశాన్ని వారు దాదాపు మూడేళ్లు దాటవేశారు. 2014 మే నెలలో నరేంద్ర మోదీ గారి మంత్రివర్గం తన మొదటి సమావేశంలో తీసుకున్న మొదటి నిర్ణయం, ఈ ధర్మాసనం కోరిన ఆ దర్యాప్తు బృందాన్ని జస్టిస్ ఎం.బి. షా అధ్యక్షతన ఏర్పాటు చేయడమే. నాడు ఆ నిర్ణయాన్ని సగర్వంగా ప్రకటించిన పార్టీకి సుదర్శన్ రెడ్డి గారి భావజాలం మీద అనుమానం రాలేదు. వరుస రోజుల్లో ఒకే కలం నుంచి వచ్చిన రెండు తీర్పుల్లో ఒకటి దేశభక్తి, రెండోది నక్సలిజం ఎలా అవుతుంది? నిజానికి సల్వా జుడుం తీర్పు కూడా ఆనాటి యూపీఏ హోంశాఖకు తగిలిన దెబ్బే. ఎస్పీవోల వేతనాన్ని రాష్ట్రాలకు తిరిగి చెల్లించడం తప్ప తమకేమీ సంబంధం లేదని కేంద్రం వాదిస్తే, ధర్మాసనం ఆ వాదనను ఒప్పుకోలేదు. ఈ రోజు ఆయనను నిలబెట్టిన కాంగ్రెస్ ఆ సంగతిని బయటికి చెప్పుకోవాలి. మహేంద్ర కర్మ తమ నాయకుడే కాబట్టి కాబోలు, ఆ పార్టీ కూడా ఈ తీర్పును మనస్ఫూర్తిగా సమర్థించడానికి తటపటాయిస్తోంది.

ఆయనపై విమర్శలు ఉండకూడదని నేను అనడం లేదు. ఎన్నికలో నిలబడినవారు విమర్శకు సిద్ధపడాలి. 18 మంది మాజీ న్యాయమూర్తులు హోంమంత్రి మాటలను తప్పుబట్టగా, మరో 56 మంది దానికి జవాబుగా, రాజకీయ బరిలోకి దిగినవారు న్యాయవ్యవస్థ స్వతంత్రతను అడ్డం పెట్టుకోకూడదన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. గోవా లోకాయుక్తగా నియమితులైన కొద్ది నెలలకే 2013లో ఎందుకు తప్పుకున్నారని అడగండి. తెలంగాణ ప్రభుత్వం కులగణనపై వేసిన నిపుణుల బృందానికి అధ్యక్షత వహించాక కాంగ్రెస్ కూటమి అభ్యర్థిగా రావడం సబబేనా అని అడగండి. మాజీ న్యాయమూర్తులు రాజకీయ పదవులకు పోటీపడటం మంచిదా అని చర్చించండి. ఆ చివరి ప్రశ్న కొత్తదేమీ కాదు. మన తెలుగువారే అయిన కోకా సుబ్బారావు గారు ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చిన కొన్ని వారాలకే 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. 1982లో హెచ్.ఆర్. ఖన్నా, 1987లో వి.ఆర్. కృష్ణయ్యర్ అదే దారిలో నిలబడి ఓడారు. మాజీ ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా 1979లో ఏకగ్రీవంగా ఉపరాష్ట్రపతి అయ్యారు. వారి నిర్ణయాలను విమర్శించినవారు ఎందరో ఉన్నారు. ఆ విమర్శ విమర్శగానే ఉండాలి. తీర్పు నచ్చకపోతే దేశద్రోహుల పక్షమని ముద్ర వేయడం మొదలైతే, రేపు ప్రభుత్వానికి ఇష్టంలేని కేసు చేతికి వచ్చిన ప్రతి న్యాయమూర్తీ పదవీ విరమణ తర్వాత తన మీద ఏ ముద్ర పడుతుందో ఆలోచించుకుని కలం పట్టుకోవలసి వస్తుంది.

తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు తెలుగువాడన్న అభిమానంతో ఓటు వేయమని మిమ్మల్ని కోరారు. 1991లో నంద్యాలలో పి.వి. నరసింహారావు గారిపై ఎన్టీఆర్ అభ్యర్థిని నిలపకపోవడాన్ని కొందరు గుర్తుచేస్తున్నారు. నేను ఆ వాదన చేయను. ఆకుల మైలారం అనే చిన్న ఊళ్లో పుట్టి, 1971లో హైదరాబాద్‌లో వకీలుగా నమోదై, ఉమ్మడి హైకోర్టు న్యాయమూర్తిగా, గౌహతి ప్రధాన న్యాయమూర్తిగా, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి మనవాడని నాకూ సంతోషమే. కానీ ఆయన తమిళుడైనా, అస్సామీ అయినా ఈ లేఖ ఇలాగే రాసేవాణ్ణి.

ఉపరాష్ట్రపతి ఎన్నికలో విప్ లేదు, ఓటు రహస్యం. తెలుగుదేశం, జనసేన సభ్యులు ఎన్డీయేలో ఉన్నారు, కూటమి ధర్మం అంటారు. వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులకు వారి లెక్కలు ఉన్నాయి. బీజేపీ సభ్యుల సంగతి చెప్పనక్కర్లేదు. రాధాకృష్ణన్ గారికి మీరు ఓటు వేస్తే మిమ్మల్ని తప్పుపట్టను, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మీలో ప్రతి ఒక్కరినీ నేను కోరేది వేరే ఉంది, దానికి ఏ పార్టీ క్రమశిక్షణా అడ్డురాదు. ఆ తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉంది. 9వ తేదీలోగా పూర్తిగా చదవండి. చదివాక, ఓటు ఎవరికి వేసినా సరే, జస్టిస్ సుదర్శన్ రెడ్డి నక్సలిజానికి సాయపడ్డారన్న మాటతో మీరు ఏకీభవిస్తున్నారో లేదో మీ నియోజకవర్గ ప్రజలకు మీ పేరుతో చెప్పండి. ఏకీభవిస్తే, తీర్పులో ఏ పేరా ఆధారంగానో కూడా చెప్పండి. ఏకీభవించకపోతే ఆ మాటను ఉపసంహరించుకోమని హోంమంత్రి గారికి ఒక లేఖ రాయండి. మీలో పలువురు ఆయనతో ఒకే కూటమిలో ఉన్నారు, మా లేఖల కంటే మీ లేఖ ఆయన ముందు చదువుతారు.

భవదీయుడు,
ఒక న్యాయవాది, భద్రాచలం